పెట్టెలో లేని దేవుడి కేసు

సీలు వేసిన పెట్టె తెరిచి చూస్తే లోపల దేవుడు లేడు.

సోమవారం పొద్దున పవిత్ర హస్తకళల ప్రోత్సాహక మండలి కార్యాలయంలో ఈ ఘోరాన్ని కనిపెట్టింది సాక్షాత్తూ ఉపసంచాలకులు పరాంకుశం గారు. ఆయన పెట్టిన కేకకి, అప్పుడే టీ తాగి లోపలికొస్తున్న టైపిస్టు గడప తట్టుకుని పడ్డాడు. ఆ ఆఫీసులో అంతకు ముందు ఫ్యాన్లు పోయాయి, కుర్చీలు పోయాయి, ఒకసారి జీపు చక్రాలు పోయాయి. ఎవరూ అరవలేదు. ఈసారి పోయింది దేవుడు కాబట్టి అరవక తప్పలేదు.

"గేటు మూయండి! ఒక్కరు కూడా కదలడానికి వీల్లేదు. ఆ పెట్టె పంపినావిడ ఎవరో వెంటనే పిలిపించండి!"

పెట్టె పంపినావిడ పేరు హదస్సా. ఫోను వచ్చేసరికి ఆమె పేరంపాడులో, స్నేహితురాలు మస్తాన్‌బీ ఇంటి వెనక అద్దకం పాకలో, దానిమ్మకాయల అచ్చు వేసిన గుడ్డలు దండెం మీద ఆరేస్తోంది.

పేరంపాడులో యూదుల ఇళ్ళు ఒక వీధి మేర ఉన్నాయి. శనివారం వాళ్ళకి సబ్బాతు, విశ్రాంతి రోజు. పొయ్యి వెలిగించరు, పనికి పోరు. మిగతా వారమంతా ఊళ్ళో అందరిలాగే మిరప కోతకి పోతారు, కరెంటు పోతే అందరిలాగే తిడతారు. హదస్సా పదేళ్ళు బడిపిల్లల యూనిఫాంలు కుట్టింది. కుట్టీ కుట్టీ, ఇంక నీలం లాగు కంటబడితే వాంతయ్యే స్థితికి వచ్చాక, తమవాళ్ళ ఇళ్ళలో ఉండే వస్తువుల్నే అందంగా చేసి అమ్మితే ఎలా ఉంటుందని ఆలోచించింది. కొచ్చిలో, బొంబాయిలో కొనేవాళ్ళున్నారు.

సబ్బాతు రొట్టె మీద కప్పే గుడ్డలకి అద్దకం మస్తాన్‌బీ వేస్తానంది. కర్ర పని సింహాద్రి చేస్తానన్నాడు. అతను ఉత్తరాంధ్ర నుంచి ఇల్లరికం వచ్చినవాడు. అంకుడు కర్రని లేతు మిషను మీద తిప్పి లక్క పూస్తే ఊరంతా నిలబడి చూసేది. అతను మొదట చేసింది హనుక్కా పండక్కి పెట్టే తొమ్మిది దీపాల స్తంభం. తొమ్మిదీ వెలిగించాక పదో దీపంగా స్తంభమే అంటుకుంది. ఆ తర్వాత దీపాల జోలికి పోకుండా మెజూజా పెట్టెల మీద పడ్డారు.

మెజూజా అంటే బెత్తెడు పెట్టె. యూదులు దాన్ని గుమ్మానికి కుడివైపు ద్వారబంధానికి కొట్టుకుంటారు. లోపల తోలు మీద చేత్తో రాసిన ధర్మవాక్యం చుట్టి ఉంటుంది. వస్తూ పోతూ పెట్టెని ముట్టుకుని, ఆ వేళ్ళు ముద్దుపెట్టుకుంటారు. పేరంపాడులో ఆ వాక్యం రాయగలిగినవాడు ఎలియాజరు తాత ఒక్కడే. ఆయన కళ్ళకి శుక్లాలు కమ్మాయి. చివరగా ఒక్కటి రాసి, "ఇంక నా వల్ల కాదమ్మాయ్, మీ దుకాణం గుమ్మానికి పెట్టుకోండి" అని హదస్సా చేతికిచ్చాడు.

ఆదివారం నుంచి జిల్లా కేంద్రంలో మండలి వారి ఎగ్జిబిషను. అందులో స్టాలు దొరికితే దుకాణం మొదలైనట్టే. కానీ నమూనా "వాడకానికి సర్వసిద్ధంగా" ఉండాలని మండలి నియమం. అందుకని తాత రాసిన ఆ ఒక్కదాన్నే పెట్టెలో పెట్టి, సింహాద్రి చేత మూతకి లక్క సీలు వేయించి పంపింది.

"ఏటి హదస్సమ్మా, దేవుడు పోనాడంట?" అన్నాడు సింహాద్రి, ఫోనులో మాట సగం విని.

"పెట్టందే ఎట్లా పోతాడు?" అంది హదస్సా, బస్సుకి పరిగెడుతూ.

పరాంకుశం గారి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, గుడ్డ మీద పెట్టె పెట్టారు. మూత విరిగి ఉంది. పక్కన అటెండరు వీరాస్వామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పార్సిలు అందుకున్నది అతనే.

"నమూనా తాలూకు దేవుడెక్కడ?" అన్నారు పరాంకుశం గారు.

"మా దేవుడికి రూపం ఉండదండీ. బొమ్మ చెయ్యకూడదు. లోపల ఒక తోలు చుట్ట పెట్టాను. అదేదండీ?"

"ప్యాకింగు సామాను సంగతి తర్వాత."

"అది ప్యాకింగు కాదండీ. అసలు వస్తువే అది. పెట్టె దానికి గలీబు మాత్రమే."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"చూడమ్మా. మండలి నిబంధన ప్రకారం ప్రతి పవిత్ర వస్తువునందును కనీసం ఒక దైవము ఉండవలెను. ఆ దైవము మూడడుగుల దూరం నుండి కనబడవలెను. నిబంధనకు లోబడని వస్తువును ఈ కార్యాలయము స్వీకరించదు. నీ వస్తువును స్వీకరించింది. కావున అందులో దైవము ఉండెను. ఇప్పుడు లేడు. కావున అపహరింపబడెను. ఇందులో నీకు అర్థం కానిదేమిటి?"

హదస్సాకి అర్థం కానిదల్లా ఒక్కటే. "మరి ఈ మూత ఎవరు పగలగొట్టారండీ?"

"దర్యాప్తులో భాగంగా తెరవబడినది."

"తెరిచాకనే కదండీ దర్యాప్తు మొదలైంది?"

"పాయింట్లు తియ్యకు!" అని బల్ల గుద్దారాయన. "వీరాస్వామీ, సాయంత్రంలోగా దేవుణ్ణి తెచ్చి అప్పగించకపోతే నీ ఉద్యోగం ఉండదు."

"ఏ దేవుణ్ణి తెమ్మంటారు బాబూ?" అన్నాడు వీరాస్వామి ఏడుపుగొంతుతో. "పోలికలన్నా చెప్పండి."

ఆ పని పోలీసులది. మర్నాడు ఎస్సై గజపతి గారు, బొమ్మ గీయడానికి సినిమా హాలు బోర్డులు రాసే పెయింటర్ని వెంటపెట్టుకుని వచ్చారు. విగ్రహాల కేసుల్లో ఆయనకి జిల్లాలో పెద్ద పేరు. ప్రతి కేసులోనూ దొంగ దొరికాడు. విగ్రహమే దొరకలేదు.

"ఎత్తెంత?" అన్నారు హదస్సా వంక చూసి.

"కొలవలేమండీ."

"రంగు?"

"లేదండీ."

"చేతులెన్ని? ఉజ్జాయింపుగా చెప్పమ్మా."

"చేతులంటే... మా గ్రంథంలో బలమైన చెయ్యి అని ఒకటి రాసుంటుందండీ. చూసినవాళ్ళు లేరు."

"చివరిసారి చూసిందెవరు?"

"మా పూర్వీకుల్లో ఒకాయన కొండ మీద వెనకపాటున చూశాడంటారండీ."

"పేరు?"

"మోషే గారు."

"స్టేషనుకి రమ్మనండి."

"ఆయన పోయి వేల ఏళ్ళయిందండీ. సమాధి ఎక్కడుందో కూడా ఎవరికీ తెలీదు."

గజపతి గారు పెన్ను ఆపి తల పంకించారు. "ఏకైక సాక్షి పరారీలో ఉన్నాడు" అని రాసుకున్నారు.

పెయింటరు పొద్దుటినుంచీ కుంచె పట్టుకుని నిలబడ్డా కాగితం తెల్లగానే ఉంది. "ఇంతకన్నా పోలిక రాదు సార్" అన్నాడు. అదే అచ్చు వేయించి బస్టాండులో, రైలు స్టేషనులో, సారా కొట్ల దగ్గరా అంటించారు. పైన "ఈ దిగువ చిత్రంలోని దేవుడు కనబడుటలేదు", కింద పోలీసు స్టేషను నంబరు, మధ్యలో చక్కటి నాలుగు పలకల తెలుపు.

సాయంత్రానికి స్టేషను ఫోను ఆగలేదు. పోయినేడు గాలివాన అప్పుడు మా కొట్టు కప్పు మీద చూశామన్నాడొకడు. దూడ అడ్డం తిరిగి బర్రె ఈనలేకపోతుంటే నిన్న రాత్రి మా దొడ్లోనే ఉన్నాడంది ఒకావిడ. ఇంటరు కుర్రాడొకడు చేసి, లెక్కల పరీక్ష హాల్లో మాత్రం లేడని చెప్పాడు. "అక్కడ వెతకనక్కర్లేదు" అని కానిస్టేబుల్ రాసుకున్నాడు.

ఎలియాజరు తాత హదస్సా భుజం పట్టుకుని బస్టాండుకి వచ్చి, పోస్టరుకి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"గవర్నమెంటువాళ్ళు వేసిన బొమ్మల్లో ఇంత కుదిరిన బొమ్మ నేను చూళ్ళేదే హదస్సా" అన్నాడు.

"తాతా, నువ్వు రాసిన చుట్ట పోయింది" అంది హదస్సా. అప్పటిదాకా ఆయనకి చెప్పలేదు.

తాత కుడిచేతి వేళ్ళు ఒకసారి కళ్ళ దగ్గరికి తెచ్చి చూసుకున్నాడు. "దేవుడు దొరుకుతాడులే, ఆయనకేం. అది దొరకాలి" అని ఇంటికెళ్ళిపోయాడు.

బుధవారం మండలిలో రూప నిర్ధారణ ఉపసంఘం కూర్చుంది. పోయిన దేవుడి స్థానంలో ప్రారంభోత్సవం నాటికి తాత్కాలిక దైవాన్ని నియమించాలని తీర్మానం. నాలుగు చేతులుండాలని ఒక సభ్యుడు, విదేశీ మతం గనుక రెండు చాలని ఇంకొకాయన. సరాసరి తీసి మూడు చేశారు.

స్టాకులోంచి తెద్దామని దేవుళ్ళ గది తెరిపించారు. ఏ నమూనా వచ్చినా అందులోని దేవుణ్ణి విడదీసి, కాలికి చీటీ కట్టి, ఆ గదిలో భద్రపరచడం మండలి ఆనవాయితీ. తీరా చూస్తే గదిలో ఒక బల్లి, రెండు అగరువత్తుల పుల్లలు తప్ప ఏమీ లేవు.

"దేవుళ్ళంతా ఏరండీ?" అన్నాడొక సభ్యుడు.

"ప్రచార నిమిత్తం డెప్యుటేషను మీద వెళ్ళియున్నారు" అన్నారు పరాంకుశం గారు తడుముకోకుండా. ఆ సమాధానం నమోదయింది. తాత్కాలిక దైవాన్ని సదరు లేతు పనివాడే తయారుచేసి పెట్టెలో అమర్చవలెనని హదస్సాకి పెట్టెతో సహా ఉత్తరువు వచ్చింది. అమర్చితే దేవుడు దొరికినట్టు లెక్క. కేసు మూస్తారు, స్టాలు ఇస్తారు. లేకపోతే స్టాలు రద్దు, వీరాస్వామి సస్పెండు. స్టాలు గది తాళంచెవి అప్పటికే పరాంకుశం గారి జేబులోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అద్దకం పాకలో ముగ్గురూ కూర్చున్నారు.

"సిన్న బొమ్మ, బొటనేలంత. ఇలా తిప్పి అలా ఇచ్చేత్తాను" అన్నాడు సింహాద్రి. "మూడు సేతులే నాకు కుదర్దు. లేతు మీద ఏది తిప్పినా గుండ్రంగా వస్తాది. గుండ్రటి దేవుడైతే పర్లేదా?"

"నోరు మూసుకో సింహాద్రీ" అంది మస్తాన్‌బీ. "దాని దేవుడికి బొమ్మ ఉండదు. మా ఇంట్లో మటుకు ఉంటుందా? దర్గా చాదర్లు పంపితే నన్నూ దేవుడి ఫోటో రెండు కాపీలు అడిగారు. జౌళి అని రాయించుకుని బయటపడ్డా. నువ్వు కూడా గలీబులు అని రాయించుకోవే, పీడా పోతుంది."

"ఇప్పుడు కుదరదక్కా. పోలీసు కేసయింది."

అంతలో వీరాస్వామి వచ్చాడు. పాక బయటే నిలబడ్డాడు. "పెట్టెయ్యమ్మా" అన్నాడు. "ఎవరు చూడొచ్చారు? ప్రారంభోత్సవం అయ్యాక తీసి పారెయ్. ఇంకో ఏడాది ఉంటే నాకు పింఛనొస్తుంది."

హదస్సా లేచి వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది. పెట్టనని చెప్పడానికి నోరు రాలేదు. పెడతానని చెప్పడానికీ రాలేదు. బొమ్మ చెయ్యకూడదనే ఈ ఒక్క మాట కోసం తమవాళ్ళు ఎన్ని ఊళ్ళు వదిలి ఎన్ని ఊళ్ళు పట్టారో తాత చెప్పగా విన్నది. అవన్నీ పెద్ద పెద్ద రాజులతో వచ్చిన తగువులు. ఎదురుగా నిలబడి పింఛను అడిగేవాడి గురించి తాత ఎప్పుడూ చెప్పలేదు.

"ఆదివారం దాకా ఆగు బాబాయ్" అంది. "ఆ మూత విరగ్గొట్టినవాడు దొరికితే అన్నీ దొరుకుతాయి."

మర్నాడు పొద్దున్నే ఎస్సై గారి దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పింది. "దేవుడి సంగతి వదిలెయ్యండి సార్. లక్క సీలు పగలగొట్టినవాణ్ణి వెతకండి."

"నీకు క్రైము తెలీదమ్మా" అన్నారు గజపతి గారు. "నేను రాత్రంతా ఆలోచించాను. పోయినాయనకి రూపం లేదు. రంగు లేదు. బరువు లేదు. అలాంటాయన్ని ఎక్కడ దాస్తారు? ఏమీ లేని చోట! అంటే ఎక్కడ ఏమీ లేదో అక్కడ ఆయన ఉండే అవకాశం ఉంది. మండలి సిబ్బంది ఇళ్ళన్నీ సోదా చేస్తాం. ఖాళీగా ఏది కనబడినా స్వాధీనం!"

సోదాలు మొదలయ్యాయి. టైపిస్టు ఇంట్లో ఖాళీ బీరువా, గుమాస్తా ఇంట్లో ఖాళీ బిందెలు, ఎవరింట్లోనో ఖాళీ అగ్గిపెట్టె స్వాధీనమయ్యాయి. ఊళ్ళోవాళ్ళు భయపడి, ఎందుకైనా మంచిదని, ఖాళీ డబ్బాల్లో ఇసక పోసుకున్నారు. ఖాళీ స్థలాల్లో రాత్రికి రాత్రి గడ్డివాములు లేచాయి. మున్సిపాలిటీ వారు ఎండాకాలమంతా ఎండబెట్టిన మంచినీళ్ళ ట్యాంకుని అనుమానం తప్పించుకోడానికి నింపేశారు. ఆ వీధిలో కొళాయిలు చాలా నెలల తర్వాత మొదటిసారి కారాయి. దేవుడు దొరక్కపోయినా పర్లేదని అక్కడి ఆడవాళ్ళు పోస్టరుకి దండలు వేశారు.

వీరాస్వామి ఇంట్లో బియ్యపు డబ్బా ఖాళీగా దొరికింది. అనుమానం బలపడింది.

ఆదివారం వచ్చింది. ఎగ్జిబిషను మైదానంలో షామియానాలు, సన్నాయి, మైకు. హదస్సా స్టాలు ముందు సుత్తీ మేకులూ పట్టుకుని నిలబడింది. తలుపుకి తాళం. చేతిలో పెట్టె. పెట్టెలో ఏమీ లేదు. ఒక పక్క మస్తాన్‌బీ గుడ్డల మూటతో, ఇంకో పక్క సింహాద్రి, వెనక ఎలియాజరు తాత.

ప్రారంభోత్సవం చెయ్యడానికి వచ్చిన హస్తకళల కమిషనరు మేడం కారు దిగి నేరుగా అక్కడికే వచ్చారు. ఆమె వెంట పరాంకుశం గారు, ఆయన వెంట వీరాస్వామిని పట్టుకున్న ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"ఇదేనా ఆ పెట్టె?" అన్నారు మేడం. "దేవుణ్ణి పెట్టావా అమ్మా?"

"లేదండీ. పెట్టనండీ" అంది హదస్సా. "స్టాలు తీసేసుకోండి. వీరాస్వామి బాబాయ్ తప్పేమీ లేదు. పెట్టెలో దేవుడు లేడు, ఎప్పుడూ ఉండడు. పోయింది తోలు చుట్ట. మూత విరిస్తేనే గానీ అది బయటికి రాదు. ఎవరు విరిచారో ఆ ఒక్క ముక్క చెప్పించండి."

"అప్రస్తుతం!" అన్నారు పరాంకుశం గారు. "దర్యాప్తు ముగిసినది. ఎస్సై గారు నివేదిక సమర్పిస్తారు."

గజపతి గారు సెల్యూట్ కొట్టారు. "మేడం, సిబ్బంది అందరి ఇళ్ళలోనూ అనుమానాస్పదమైన ఖాళీలు దొరికాయి. ఒక్క ఉపసంచాలకుల వారి ఇల్లు మినహా. ఆయన పూర్తిగా నిర్దోషి."

పరాంకుశం గారి మొహంలో రంగు పోయింది. "మా ఇల్లు కూడా సోదా చేశారా?"

"మీరు ఆఫీసులో ఉన్నప్పుడు సార్. అమ్మగారు తలుపు తీశారు. మేడం, ఆ ఇంట్లో అగ్గిపుల్ల పట్టేంత ఖాళీ లేదు. హాలు నిండా దేవుళ్ళు. మంచం కింద దేవుళ్ళు. ఫ్రిజ్ మీద బుద్ధుడు, టీవీ పక్కన మేరీమాత. అమ్మగారు వంట చేసుకోడానికి చోటు లేక పెరట్లో పొయ్యి పెట్టుకున్నారు. ప్రతి దేవుడికీ రూపం ఉంది, నేను స్వయంగా చూశాను. అన్నీ గవర్నమెంటు ఆమోదించిన దేవుళ్ళే మేడం, కాళ్ళకి మన మండలి చీటీలు కూడా ఉన్నాయి."

సన్నాయి ఆగిపోయింది. వీరాస్వామిని పట్టుకున్న కానిస్టేబుళ్ళ చేతులు వాటంతటవే వదులయ్యాయి. కమిషనరు మేడం మెల్లగా తల తిప్పి పరాంకుశం గారి వంక చూశారు. ఆయన గ్రాంథికం అంతా ఒక్కసారిగా జారిపోయింది.

"నేనే మేడం. అవును, నేనే. మొదట ఒక చిన్న వినాయకుణ్ణి తెచ్చుకున్నా, ప్రమోషను రావట్లేదని. వచ్చింది. ఇంక ఆగలేకపోయా. అల్లుడి ఉద్యోగానికి మేరీమాత, నా బీపీకి బుద్ధుడు, మా ఆవిడ మోకాళ్ళకి ఇద్దరు అమ్మవార్లు. ఏ మతానికీ అన్యాయం చెయ్యలేదు మేడం, మండలి సర్వమత సమానత్వ విధానాన్ని ఇంటి దగ్గర కూడా పాటించాను. ఇంతలో ఈ పిల్ల పెట్టె వచ్చింది. కొత్త దేవుడు, ఈయన మా ఇంట్లో లేడే అనుకున్నా. అందరూ టీకి పోయినప్పుడు మూత విరిచా. చూస్తే లోపల ఎవరూ లేరు. నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా నేను తప్ప ఎవడూ చెయ్యి పెట్టని చోట, నాకంటే ముందు ఎవడో చెయ్యి పెట్టాడు! అందుకే అరిచా. సొమ్ము పోగొట్టుకున్నవాడి బాధ ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. ఆ తోలుముక్కా? ఉందమ్మా, నా దగ్గరే ఉంది. చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళా, వెయ్యడానికి చెయ్యి రాలేదు. జేబులో పెట్టుకున్నా. అప్పట్నించీ నిద్ర లేదు. ఇంటినిండా అంతమంది దేవుళ్ళు, ఒక్కరు నా మొహం చూడరు. ఈ జేబులో ఎవరూ లేరు, కానీ ఎవరో చూస్తూనే ఉన్నట్టుంటుంది. ఇదిగో, తీసుకో. తాళంచెవి కూడా తీసుకో. కొట్టుకోమ్మా, నీ గుమ్మానికి కొట్టుకో... ఆ సుత్తి కొంచెం మెల్లగా తల్లీ, నేను చెప్పేది మేడం గారికి వినపడాలి. మేడం, అన్నీ ఒప్పుకుంటున్నాను, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను. ఎస్సై గారూ, ఒక్క మనవి. ఈ ఒక్క దేవుణ్ణి మాత్రం నేను తియ్యలేదు. తీసినవాడెవడో గానీ, వాణ్ణి మాత్రం వదలొద్దు."